సయనైడ్ నీళ్ళకు ఎండ వైద్యం

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చేలల్లో జనం తల వంచుకుని నడుస్తారు. జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల ఎర్రనేలల్లో వానకు కడిగిన మట్టిలో వజ్రం తళుక్కుమంటుందేమోనని కూలీలు, రైతులు, పొరుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు రోజుల తరబడి వెతుకుతారు. దగ్గర్లోనే ఎర్రగుడి కొండ మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. ఆ కాలపు సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. పేరులోని బంగారం ఇప్పుడు నిజంగానే బయటికి వస్తోంది. స్వాతంత్ర్యం తరువాత ప్రైవేటు రంగంలో దేశంలో తలెత్తిన మొదటి పెద్ద బంగారు గని ఇక్కడిదే.

మన దేశం ఏటా దిగుమతి చేసుకునే బంగారం సుమారు 700 నుంచి 800 టన్నులు. రాయచూరు జిల్లాలోని హట్టి గనులు, దేశపు ప్రధాన ఉత్పత్తిదారు, ఏడాదికి తీసేది ఒకటిన్నర టన్నులకు అటూ ఇటూ. ఈ తేడా చూసిన ఏ ప్రభుత్వమైనా కొత్త గనుల వైపు మొగ్గుతుంది. తప్పు పట్టలేం. అయితే గని వచ్చే ఊరి మనిషి అడిగే మొదటి ప్రశ్న బంగారం గురించి కాదు, నీళ్ళ గురించి. ఆ ప్రశ్నకు ఈ మధ్య ఒక కొత్త జవాబు వినిపిస్తోంది: ఎండ చాలు, విషం దానంతట అదే విరిగిపోతుంది అని. కాంతి ఉత్ప్రేరణ అనే ఈ పద్ధతిలో నిజం ఎంత, ఎక్కడిదాకా నమ్మవచ్చు అన్నది తేల్చుకోవలసిన సమయం ఇది.

బంగారం రాయిలో ముద్దలుగా ఉండదు. టన్ను రాయికి రెండు గ్రాములు ఉందనుకుంటే, ఒక కాసు బంగారానికి నాలుగు టన్నుల రాయిని పిండి చేయాలి. పిండిలోంచి కంటికి కనిపించని ఆ రేణువులను విడదీసే మార్గాన్ని 1887లో గ్లాస్గోలో జాన్ స్టీవార్ట్ మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు కనిపెట్టారు. నీళ్ళలో కొద్దిగా సయనైడ్ కలిపి గాలి ఆడనిస్తే బంగారం కరిగి ద్రావణంలోకి వస్తుంది. మామూలు ఆమ్లాలకు లొంగని లోహం లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాముల సయనైడుకు లొంగిపోతుంది. నూట ముప్ఫై ఏళ్ళు దాటినా ప్రపంచ బంగారంలో సింహభాగం ఇప్పటికీ ఈ దారినే వస్తోంది.

బంగారం తీసేశాక మిగిలేది ఆ నాలుగు టన్నుల పిండి, దానితో కలిసిన విషపు నీరు. కోలారు గనులు చూసినవారికి ఇది వివరించనక్కర లేదు. నూట ఇరవై ఏళ్ళ తవ్వకంలో అక్కడి నుంచి వచ్చిన బంగారం దాదాపు 800 టన్నులు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేనాటికి మిగిలిన వ్యర్థపు పిండి సుమారు 3.3 కోట్ల టన్నులు. కుప్పం నుంచి, పలమనేరు నుంచి కూలికి వెళ్ళిన కుటుంబాలవాళ్ళు ఆ గుట్టలను ‘సయనైడ్ దిబ్బలు’ అనే పిలుస్తారు. సినిమావాళ్ళకు అవి గొప్ప దృశ్యం. ఊళ్ళో ఉండేవాళ్ళకు గాలి లేచిన రోజున అన్నంలో పడే దుమ్ము. కోలారుతో పాటే మన వైపున చిత్తూరు జిల్లా చిగురుగుంట గని, అప్పటి అనంతపురం జిల్లాలోని రామగిరి గని కూడా మూతపడ్డాయి. గని మూతపడితే జీతం ఆగుతుంది, దిబ్బ మాత్రం ఎక్కడికీ పోదు.

పేరు సయనైడుదే అయినా, ఇన్నేళ్ళ తరువాత ఆ దిబ్బల పైపొరల్లో సయనైడ్ పెద్దగా మిగిలి ఉండదు. ఎండ, గాలి, సూక్ష్మజీవులు కలిసి దాన్ని నెమ్మదిగా విరిచేస్తాయి. ఎక్కువకాలం నిలిచేవి ఆర్సెనిక్, గంధకపు ఖనిజాలు, అవి వానకు తడిసి పుట్టించే ఆమ్లం. కర్ణాటకలోని యాదగిరి జిల్లాలో, మంగళూరు అనే పాత బంగారు గనికి దగ్గరున్న కిరదళ్ళి తండాలో తాగునీటిలో ఆర్సెనిక్ బయటపడి, చర్మవ్యాధులతో జనం బాధపడిన సంగతి శాస్త్ర పత్రికలకెక్కింది. బంగారు గని నీటి విషం అంటే సయనైడ్ ఒక్కటే అనుకుంటే సగం లెక్కే చూసినట్టు.

అయినా మొదటి గండం సయనైడే. మనిషిని చంపడానికి రెండు మూడు వందల మిల్లీగ్రాములు చాలు. చేపలకు లీటరు నీటిలో మిల్లీగ్రాములో ఇరవయ్యో వంతు కూడా ప్రాణాంతకం. 2000 జనవరి 30 రాత్రి రుమేనియాలోని బాయా మారే దగ్గర బంగారు శుద్ధి కర్మాగారపు వ్యర్థాల చెరువు కట్ట తెగింది. కరిగిన మంచు, వాన కలిసి చెరువును నింపేశాయి. దాదాపు లక్ష ఘనపు మీటర్ల సయనైడ్ నీరు సోమెష్ నదిలోకి, అక్కడి నుంచి టిసా నదికి, చివరికి డాన్యూబుకు పోయింది. ఒక్క హంగరీలోనే వెయ్యి టన్నులకు పైగా చేపలు చచ్చి తేలాయి. ఆ కర్మాగారం నీటిని బయటికి వదలదనీ, తిప్పి తిప్పి వాడుకుంటుందనీ చెప్పే రూపకల్పనతోనే అనుమతులు పొందింది. చుక్క బయటికి పోదు కాబట్టి విషాన్ని విరిచే అవసరం లేదనుకున్నారు. కట్ట తెగిన రాత్రి ఆ చెరువులో ఉన్నది నెలల తరబడి విరవకుండా దాచిన విషం. నిల్వ చేసిన సయనైడ్ అంటేనే వాయిదా వేసిన ప్రమాదం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎండ వైద్యం చర్చలో మళ్ళీ దీని దగ్గరికే రావాలి.

ఇక కాంతి కథ. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ఒక ఆశ్చర్యాన్ని ప్రకటించారు. టైటానియం డయాక్సైడ్ మీద వెలుతురు పడితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతోందని. టైటానియం డయాక్సైడ్ అంటే మన గోడల తెల్లరంగులో, టూత్‌పేస్టులో ఉండే తెల్లపొడి. లోకమంతా హైడ్రోజన్ ఇంధనం కోసం ఆ దారిన పరుగు తీసింది. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్, బార్డ్ అనే ఇద్దరు మాత్రం వేరే ప్రశ్న వేశారు. ఈ పొడి నీళ్ళలోని విషాన్ని విరవగలదా? వాళ్ళు ఎంచుకున్న విషం సయనైడ్. 1977లో ఫలితం ప్రచురించారు: విరుగుతోంది. ఇవాళ కాంతి ఉత్ప్రేరణతో రంగుల పరిశ్రమ నీటిని, మందుల కంపెనీల నీటిని శుద్ధి చేసే పరిశోధనలు వేలల్లో ఉన్నాయి. ఆ మొత్తం శాఖకు తొలి మెట్లలో ఒకటి సయనైడ్ నీరు. మరి ఇన్ని దశాబ్దాలు గడిచినా ఒక పెద్ద బంగారు గని దగ్గర ఈ పద్ధతి మామూలు విషయంగా ఎందుకు కనిపించడం లేదు? ఈ ప్రశ్న వేయకుండా ఏ ప్రకటననూ నమ్మకూడదు.

పని జరిగే తీరు చూద్దాం. తగిన వెలుతురు తాకినప్పుడు ఆ పొడి రేణువులో ఒక ఎలక్ట్రాన్ ఎగిరి పై మెట్టుకు పోతుంది. అది వదిలిన చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీకి ఎలక్ట్రాన్ ఆకలి. పక్కనున్న సయనైడ్ నుంచో, నీటి నుంచో లాక్కుంటుంది. ఎగిరిన ఎలక్ట్రానును నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ పట్టుకుంటుంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న సయనైడ్ ఆక్సిజన్ కలుపుకుని సయనేటు అవుతుంది. సయనేటు విషం సయనైడుతో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ. ఇంకాస్త సమయం ఇస్తే అది కార్బొనేటుగా, నత్రజని లవణాలుగా మారిపోతుంది. పొడి ఖర్చు కాదు, మళ్ళీ మళ్ళీ అదే పని చేస్తుంది.

ఇప్పుడు వాడుతున్న పద్ధతులతో పోల్చితే దీని ఆకర్షణ అర్థమవుతుంది. బ్లీచింగు రసాయనాలతో విరిచే పాత పద్ధతిలో క్షారత తగ్గితే సయనోజెన్ క్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. గంధకపు డయాక్సైడుతో, గాలితో, రాగి తోడుగా విరిచే పద్ధతి ఎన్నో గనుల్లో నడుస్తోంది. బాగానే పనిచేస్తుంది, కాని నీళ్ళలో సల్ఫేటు పెరుగుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ శుభ్రమైనదే, ఖరీదు ఎక్కువ. ప్రతిదానికీ లారీల్లో రసాయనం రావాలి. ఎండకు లారీ అక్కర లేదు. టైటానియం ముడిసరుకు ఇల్మెనైట్ మన శ్రీకాకుళం, భీమిలి తీరపు ఇసుకల్లోనే ఉంది. రాయలసీమకు ఎండ కొదవా? జొన్నగిరి ఉన్న ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే గని, శకునాల అనే ఊళ్ళ దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. వింటుంటే అంతా కుదిరినట్టే అనిపిస్తుంది.

చిక్కు లెక్కలో ఉంది. టైటానియం డయాక్సైడుకు ఏ వెలుతురైనా పనికిరాదు. 388 నానోమీటర్ల కంటే పొట్టి అలలున్న అతినీలలోహిత కిరణాలే కావాలి. నేలను చేరే ఎండలో అవి నూటికి నాలుగైదు పాళ్ళు. చదరపు మీటరుకు 30 వాట్లు అనుకుందాం. రోజుకు ఆరు గంటల మంచి ఎండ. పడిన కాంతిలో నూటికి ఐదు పాళ్ళు పనిలోకి వస్తాయనుకుందాం, ఇది ఉదారమైన అంచనాయే. గుణించి చూస్తే ఒక చదరపు మీటరు పలక రోజంతా విరవగలిగే సయనైడ్ సుమారు ఒకటిం పావు గ్రాము. లీటరుకు 50 మిల్లీగ్రాముల సయనైడున్న నీరు ఘనపు మీటరు శుద్ధి చేయాలంటే 40 చదరపు మీటర్లు పరచాలి. రోజుకు వెయ్యి ఘనపు మీటర్ల నీరు వచ్చే గనికి దాదాపు పది ఎకరాల గాజు గొట్టాలు, వాటి మధ్య దారులు, పంపులు. అసాధ్యమేమీ కాదు. కాని అంత పెట్టుబడి పెట్టే యజమాని పక్కనున్న గంధకపు పద్ధతి ధర చూసి ఆగిపోతాడు. దశాబ్దాలుగా గని దగ్గర కనిపించకపోవడానికి పెద్ద కారణం ఇదేనని నా అభిప్రాయం.

అదే లెక్కను ఇంకో చివర నుంచి వేయండి. రసాయన పద్ధతితో ముందే విరిచిన నీటిలో లీటరుకు రెండు మిల్లీగ్రాములు మిగిలాయనుకుందాం. మన పర్యావరణ నిబంధనల ప్రకారం వాగుల్లోకి, సాగు నేలల్లోకి వదిలే నీటిలో సయనైడ్ 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగునీటికైతే 0.05. రెండు నుంచి 0.2కు దించడానికి ఘనపు మీటరుకు ఒకటిన్నర చదరపు మీటరు చాలు. విషం పలచబడేకొద్దీ పని మందగిస్తుంది కాబట్టి ఐదు రెట్లు పెంచుకున్నా వెయ్యి ఘనపు మీటర్లకు రెండెకరాల లోపే. రసాయన పద్ధతులు తడబడేది సరిగ్గా ఈ చివరి మెట్టు దగ్గరే. ఆఖరి మిల్లీగ్రాము కోసం అవి మోతాదుకు మించి రసాయనం పోయాల్సివస్తుంది. ఎండకు అసలైన చోటు ఇది. మొదటి వైద్యుడిగా కాదు, మందు వాడాక పథ్యంగా.

దీనికి ఇంకా బలమైన కారణం ఉంది. కర్మాగారం నుంచి వచ్చేది నీరు కాదు, బురద. గట్టి గంజిలాంటి ఆ రాతిపిండి ముద్దలోకి వెలుతురు వేలెడు లోతు కూడా దిగదు. బాయా మారే పాఠం ప్రకారం సయనైడును చెరువులోకి వదలకముందే, బురదగా ఉన్నప్పుడే విరవాలి. ఆ పని చీకట్లో కూడా జరిగే రసాయనమే చేయాలి. బురద కుదురుకుని, పైకి తేలిన తేట నీటికి మాత్రమే కాంతి పనికొస్తుంది. కాబట్టి రేపెవరైనా బహిరంగ విచారణలో ‘మేము సౌర పద్ధతి పెడుతున్నాం, రసాయనాలతో విరిచే యూనిట్ అక్కర లేదు’ అంటే ఆ మాటను అక్కడే నిలదీయాలి.

ప్రయోగశాల నీటికీ గని నీటికీ ఉన్న దూరం ఇంకొకటి. చాలా పరిశోధనల్లో శుద్ధమైన నీళ్ళలో పొటాషియం సయనైడ్ కలిపి, దీపం కింద పెట్టి, గంటలో 99 శాతం పోయిందని రాస్తారు. గని నీటిలో సయనైడ్ ఒంటరిగా ఉండదు. రాగితో, జింకుతో, నికెలుతో, ఇనుముతో పెనవేసుకుని ఉంటుంది. గంధకపు రాయి అయితే థయోసయనేటు కూడా పుడుతుంది. రాగి ఆ తెల్లపొడి మీద పేరుకుంటుంది. క్షారత కోసం కలిపిన సున్నం గాజు మీద పెచ్చు కడుతుంది. మా సీమ దుమ్ము సంగతి చెప్పనే అక్కర లేదు, సౌర పలకలు తుడిచేవాళ్ళను అడగండి. పొడిని నీళ్ళలో కలిపితే వేగంగా పనిచేస్తుంది గానీ, నానోమీటర్ల రేణువులను తిరిగి వడగట్టడం కష్టం. వడగట్టకపోతే ఒక కాలుష్యం పోయి ఇంకొకటి వాగులో పడుతుంది. గాజు మీద, రాతి పూసల మీద అంటిస్తే పొడి పోదు, వేగం పడిపోతుంది. స్పెయిన్‌లోని అల్మేరియా సౌర పరిశోధనా కేంద్రం వంటి చోట్ల అద్దపు తొట్లతో ఎన్నో ఏళ్ళుగా తంటాలు పడుతున్నది ఇలాంటి వాటితోనే.

ఇనుముతో పెనవేసుకున్న సయనైడ్ గురించి విడిగా చెప్పాలి. అది గట్టి ముడి, మామూలుగా విషం చూపించదు. చాలా పరీక్షల్లో దొరకను కూడా దొరకదు. కాని ఎండ తగిలితే ఆ ముడి సడలి అసలు సయనైడ్ బయటికి వస్తుంది. అంటే ఎండ విషాన్ని విరిచేదే కాదు, దాచిన విషాన్ని విడిచేది కూడా. పొడి సరిగా పనిచేస్తున్నచోట విడుదలైనది విడుదలైనట్టే విరిగిపోతుంది. పొడి మీద సున్నం పెచ్చు కట్టి ఉంటే? గొట్టాల్లోకి వెళ్ళిన నీటికంటే బయటికి వచ్చిన నీరే ప్రమాదకరం కావచ్చు. నీటి క్షారత తగ్గితే మరీ ముప్పు. పీహెచ్ 9.2 కంటే దిగిందంటే సయనైడులో సగానికి పైగా హైడ్రోజన్ సయనైడ్ వాయువుగా మారి గాల్లోకి లేస్తుంది. దాని చేదు బాదం వాసన కొందరు మనుషులకు పుట్టుకతోనే తెలియదు.

అందువల్లే నివేదికల్లో ‘సయనైడ్’ అన్న ఒక్క అంకె చాలదు. స్వేచ్ఛగా ఉన్నది ఎంత, బలహీన ఆమ్లానికి విడిపోయేది ఎంత, ఇనుముతో కలిపి మొత్తం ఎంత అని మూడు అంకెలు చెప్పాలి. ఐరోపా సమాఖ్య తన వ్యర్థాల చెరువుల్లోకి వదిలే ముద్దలో రెండో రకాన్ని 50 పీపీఎం నుంచి మెట్టు మెట్టుగా 2018 నాటికి పదికి దించింది. మొత్తం అంకెను దాచి స్వేచ్ఛా సయనైడ్ మాత్రమే చూపించే కాగితం ఊరివాళ్ళను మోసం చేసే కాగితం. సయనేటు, అమ్మోనియా, నైట్రేటు అంకెలు కూడా కావాలి, ఎందుకంటే విరిగిన సయనైడులోని నత్రజని చివరికి తేలేది ఆ రూపాల్లోనే.

ఆర్సెనిక్ విషయంలో ఈ పొడి చేసే మేలు వేరు. నీటిలోంచి తీయడానికి మొండికేసే ఆర్సెనిక్ రూపాన్ని ఇది సులువుగా అంటుకుపోయే రూపానికి మారుస్తుంది, తరువాత ఇనుప మట్టితో పట్టుకోవచ్చు. విషం మాయం కాదు, పోగవుతుంది. ఆ పోగును ఎక్కడ పెడతారన్నది మళ్ళీ అడగాలి.

ఇంతా చెప్పి ఈ పద్ధతిని పక్కన పెట్టమనడం లేదు. హైదరాబాదులో తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, టైటానియం డయాక్సైడ్ పూతల మీద పనిచేసిన పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది. వాళ్ళ చేతికి కలిపి తయారుచేసిన నీరు కాదు, హట్టి చెరువు తేట నీరు ఇవ్వాలి. ఆరు నెలలు కాదు, వేసవి, వానలు, చలి మూడూ చూసేలా రెండేళ్ళు ఒక చిన్న సౌర శుద్ధి కేంద్రం నడపాలి. దృశ్య కాంతితో పనిచేసే కొత్త పొడులు, కార్బన్ నైట్రైడ్, బిస్మత్ వనడేట్ వంటివి, ఎండలో పెద్ద వాటాను వాడుకోగలవు. పది ఎకరాల లెక్కను రెండెకరాలకు తెచ్చేవి అవే కావచ్చు. వాటినీ అదే నీటితో పరీక్షించాలి. ఖర్చు గని తవ్వేవాళ్ళదే. జిల్లా ఖనిజ నిధి నుంచి దీనికి డబ్బు తీయాలనే ఆలోచన వస్తుంది, అది సరికాదు. ఆ నిధి గని వల్ల నష్టపోయిన ఊళ్ళ సొమ్ము. కాలుష్యం చేసినవారి శుద్ధి యంత్రానికి నష్టపోయినవారు చెల్లించడం ఏ న్యాయం? ఆ నిధితో చేయదగిన పని ఒకటుంది: ఊరి తరఫున స్వతంత్ర ప్రయోగశాలలో నీటి పరీక్ష.

తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం వ్యర్థాల చెరువు చుట్టుపక్కల కడప జిల్లా రైతులు తమ బోర్లు, అరటి తోటలు పాడయ్యాయని ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నారు. కర్మాగారం తన పరీక్షలు తను చూపించింది, రైతులు తమ ఎండిన ఆకులు చూపించారు. చెరువు నిండకముందు ఆ బోర్లలో నీరెలా ఉండేదో ఊరి చేతిలో ఒక కాగితం ఉండి ఉంటే ఆ వాదన ఇన్నేళ్ళు సాగేది కాదు. కొత్త బంగారు గనుల ఊళ్ళలో ఆ కాగితం తవ్వకానికి ముందే తయారవ్వాలి. ప్రతి బోరు, ప్రతి కుంట, వాగు దిగువన మూడు నాలుగు ఊళ్ళ దాకా.

సౌర శుద్ధి కేంద్రం నడిచే చోటైతే ఇంకో షరతు. ఎండతో పనిచేసే యంత్రాన్ని మిట్టమధ్యాహ్నం పరీక్షిస్తే ఎప్పుడూ పాసవుతుంది. నమూనా తీయాల్సింది తెల్లవారుజామున, రాత్రంతా గొట్టాల్లో, తొట్లలో నిలిచిన నీటి నుంచి. శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు నాలుగో రోజున. సీసా పట్టుకోవాల్సిన చేయి కంపెనీ గుమాస్తాది కాకుండా, ఆ దిగువన పశువులను తోలుకెళ్ళే మనిషిది అయి ఉండాలి.